అక్క నోరు, వాగుడుకాయ మాట

కిందటి వారం వాగుడుకాయను టీచరమ్మ ఇంటి మెట్ల కింద, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఎండలోనే ఉంది. ముందు లోపలికి తీసుకెళ్దాం.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. వాగుడుకాయకు పుట్టినప్పటి నుంచి మాట లేదు. కాళ్ళూ చేతులూ చెప్పినట్టు వినవు. కుడి పిడికిలి ఒక్కటే కాస్త దయతలుస్తుంది. ఆ పిడికిలితో, కుర్చీకి అడ్డంగా పెట్టుకున్న చెక్క పలక మీది బొమ్మలు ముట్టుకుంటూ మాట్లాడుతుంది. ఏ బొమ్మ ముట్టుకుంటే ఆ మాట అక్క పైకి చదువుతుంది. ఆ బొమ్మల పలక చేసిచ్చింది టీచరమ్మ. ఆ ముద్దుపేరు పెట్టిందీ టీచరమ్మే. ఇప్పుడు ఆ టీచరమ్మకే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆవిడ ఇంటి వెనక గదిలో నడిచిన బడి మూతపడి, మాటరాని పిల్లలంతా ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చున్నారు. ఆవిడ కూతురు రేడియోలో వార్తలు చదువుతుంది. ఆ అమ్మాయి వచ్చి, ఇంటికి తాళం పెట్టి, తల్లిని తన ఊరికి తీసుకుపోతానంటోంది. "అమ్మకిప్పుడు ఏమీ తెలియడం లేదు, అడిగినా లాభం లేదు" అంటోంది. అన్నీ తెలుసని నిరూపించి, 'వెళ్ళను' అనే ఒక్క మాట టీచరమ్మ చేత చెప్పించాలని వాగుడుకాయ బయల్దేరింది. అదీ సంగతి.

మెట్లెక్కించడమంటే మాటలా? కుర్చీ వెనక అక్క, ముందు టీచరమ్మ కూతురు.

"ముందు చక్రాలు పైకెత్తండి. అయ్యయ్యో, అలా లాగకండి, పడేస్తారు దాన్ని!" అంది అక్క.

"ఇంత బరువుంటుందనుకోలేదండీ" అని రొప్పింది కూతురు.

"తిండి తగ్గించవే తల్లీ అంటే నామీద కళ్ళెర్రజేస్తుంది. ఇప్పుడు జనం చేత అనిపించుకుంటోంది."

వాగుడుకాయ అంత కుదుపులోనూ 'మెట్లు', 'తప్పు' అని రెండు బొమ్మలు ముట్టుకుంది. అక్క అవి చదవలేదు. తనకు నచ్చనివి కనబడనట్టు ఊరుకోవడం అక్కకు వెన్నతో పెట్టిన విద్య.

వెనక గది తలుపు తియ్యగానే వార్నిష్ వాసన గుప్పుమని కొట్టింది. ఇన్నేళ్ళయినా పోలేదు ఆ వాసన! వాగుడుకాయ కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. అదే కిటికీ, అదే గచ్చు, కుర్చీ చక్రాలు తిరిగి తిరిగి నున్నబడిన అదే చోటు. గోడ పొడుగునా రకరకాల పలకలు తగిలించి ఉన్నాయి. చేత్తో ముట్టుకునే పిల్లలకు చెక్కవి. చెయ్యి లేవని పిల్లలు కళ్ళతో చూపించడానికి అవతలికి కనబడే గాజువి. ఒక పిల్ల తలకు కట్టిన పుల్లతో చూపించేది, ఆ పుల్ల కూడా మేకుకు వేలాడుతోంది. కిటికీ పక్కన పేము కుర్చీలో టీచరమ్మ కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో ఎవరిదో అన్నట్టు పడి ఉంది. మూతి ఒక పక్కకు కాస్త జారింది.

"హాల్లో మెత్తటి సోఫా ఉంది. ఎన్నిసార్లు కూర్చోబెట్టినా గోడ పట్టుకుని ఇక్కడికే వచ్చేస్తుంది" అంది కూతురు.

టీచరమ్మ వాగుడుకాయను చూసింది. "అదే" అంది. ముఖమంతా వెలిగిపోయింది. "అదే! అదే!"

ఆవిడ నోట మిగిలింది ఆ ఒక్క మాటే. దాహమేసినా 'అదే', కోపమొచ్చినా 'అదే'. కూతురు ముఖం పక్కకు తిప్పుకుంది. వాగుడుకాయకు మాత్రం అది చక్కగా అర్థమైంది. 'వచ్చావా నా తల్లీ' అని.

ఈ గదికి మొదటిసారి వచ్చినప్పుడు వాగుడుకాయకు పాలపళ్ళు ఊడుతున్నాయి. అప్పటిదాకా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ, "పాపం, దానికేం తెలుసు" అని తలమీద చెయ్యేసి పోయినవాళ్ళే. టీచరమ్మ ఆ పాపం పుణ్యం జోలికి పోలేదు. మంచం బొమ్మ ఒక పక్క, చెట్టు బొమ్మ ఒక పక్క పెట్టి, "పడుకుంటావా, బయటికెళ్దామా?" అని అడిగి, గోడకు చేరగిలబడి కూర్చుంది. కూర్చుంది అంటే కూర్చుంది. పొయ్యి మీద ఏమీ లేనట్టు, బస్సేదీ వెళ్ళిపోనట్టు. ఆ పిడికిలి వణికి, జారి, మళ్ళీ లేచి చెట్టు మీద పడేదాకా కదల్లేదు. అడిగినవాళ్ళు జవాబు కోసం ఆగడం వాగుడుకాయ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

ఆ తర్వాత రెండు బొమ్మలు పలకంతయ్యాయి. ఎడమ వైపు మనుషులు, మధ్యలో పనులు, కుడి వైపు వస్తువులు. లేని మాట కావాలంటే ఉన్నవి కలుపుకోవడమే. ఇల్లూ పుస్తకమూ కలిపితే బడి. మబ్బూ కోపమూ కలిపితే గాలివాన. ఒకరోజు ఈ పిల్ల పక్క కుర్చీ పిల్లవాడి మీద చాడీల మీద చాడీలు చెప్పి, చెప్పి, టీచరమ్మను టీ కూడా తాగనివ్వలేదు. ఆవిడ నవ్వాపుకోలేక, పలకలో ఖాళీ గడి చూసి, చక్రాల మీద పెద్ద నోరు బొమ్మ గీసింది. "ఇదిగో నువ్వు. వాగుడుకాయవి" అంది. పుట్టుమూగదానికి ఆ పేరా అని అక్క ఇంటికెళ్ళేదాకా కుమిలిపోయింది. వాగుడుకాయ మాత్రం ఆ సాయంత్రమంతా ఆ బొమ్మను ముట్టుకుంటూనే ఉంది.

ప్రతి బొమ్మ కిందా దాని మాట గుండ్రటి అక్షరాలతో రాసి ఉండేది. కొన్నాళ్ళకు టీచరమ్మ బొమ్మల మీద కాగితం ముక్కలు అంటించేసి, అక్షరాలు మాత్రం వదిలింది. పిల్లలు గొల్లుమన్నారు. తమ నోట్లో గుడ్డలు కుక్కినట్టే అనిపించింది వాళ్ళకు. వాగుడుకాయ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే, కోపంతో, 'టీచర్', 'చెడ్డ' అని ముట్టుకుంది. ముట్టుకున్నాక తెలిసింది, తాను చదివిందని! ఆ రోజు ఇంటికెళ్తూ దారిలో ఒక గోడ దగ్గర కుర్చీ ఆపించి, గంటసేపు కదలనివ్వలేదు. 'గోడల మీద ప్రకటనలు అంటించరాదు' అని ఉంది అక్కడ. లోకంలో అంత గొప్ప వాక్యం మరొకటి లేదనుకుంది.

ఆ బడికంతటికీ ఒకటే చట్టం. పలక మూలన మూసిన తలుపు బొమ్మ ఉంటుంది. 'అయిపోయింది' అని దాని అర్థం. ఎవరి మాటైనా ఆ తలుపు ముట్టుకునేదాకా అయిపోయినట్టు కాదు. అమ్మానాన్నలు ఆగలేక, "ఆకలా? నిద్రా? కడుపునొప్పా?" అని మీదపడితే టీచరమ్మ అరచెయ్యి ఎత్తేది. "పిల్ల మాట మధ్యలో ఉందండీ. రోడ్డు దాటేవాణ్ణి మధ్యలో తోసేస్తామా?" అనేది.

ఆ చట్టం అక్కకు ఒంటబట్టలేదు. అక్క దర్జీపని చేస్తుంది. మనిషిని గుమ్మంలో చూసి కొలతలు చెప్పేస్తుంది. అలాంటిది రెండు బొమ్మలు చూశాక మూడోదాని కోసం ఆగుతుందా? "తెలిసింది, తెలిసింది" అని మిగతాది తానే చెప్పేస్తుంది. తప్పని చెప్పాలంటే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, పిడికిలి లాగేస్తుంది. అందుకని వాగుడుకాయ 'సరే' ముట్టుకుని ఊరుకునేది. ఒకసారి 'నాకు పసుపురంగు వద్దు' అని చెప్పబోతే, పసుపు దగ్గరే అక్కకు తెలిసిపోయింది. అప్పటి నుంచి ఏళ్ళ తరబడి పసుపు గౌన్లు కుట్టింది, పసుపు జాకెట్లు కుట్టింది, మురిసిపోతూ తొడిగింది. ఈవేళ వాగుడుకాయ ఒంటి మీద ఉన్నదీ పసుపే. ప్రేమగా కుట్టిన బట్టను వద్దనడానికి మనసొప్పాలి కదా.

సరే, కథలోకి వద్దాం.

అక్క పలకను తీసి టీచరమ్మ ఒళ్ళో పెట్టింది. తన పలక తన దగ్గర లేకపోయేసరికి వాగుడుకాయకు ఒంటి మీద బట్ట లేనట్టయింది. అయినా ఓర్చుకుంది. టీచరమ్మ ఎడమ చేత్తో పలక అంచు తడిమింది. 'అక్క' బొమ్మా, 'నీళ్ళు' బొమ్మా అరిగి మళ్ళీ రంగు వేయించుకున్నాయి. 'దయచేసి' బొమ్మ మాత్రం నిన్న గీసినట్టుంది. ఆవిడ దాని మీద వేలు ఆడించి, వాగుడుకాయ వైపు చూసి, జారిన మూతితోనే నవ్వింది.

"చూశారా? తెలుస్తోంది ఆవిడకి!" అంది అక్క.

"నవ్వుతుందండీ, నవ్వడం పోలేదు" అంది కూతురు. "డాక్టరు కూడా అదే అన్నాడు. నవ్వుతుంది, ఏడుస్తుంది, అంతే. అమ్మా, నాతో వస్తావా? వస్తావు కదూ? అక్కడ నీకు కిటికీ ఉన్న గది చూసిపెట్టాను. వస్తావా, రావా?"

"అదే, అదే" అంది టీచరమ్మ.

"ఇదీ వరస. రోజూ ఇదే. ఏమనుకోమంటారు నన్ను?"

వాగుడుకాయ తల ఊపింది. అన్ని ప్రశ్నలు ఒక్కసారి కుమ్మరిస్తే ఎవరు చెప్తారు? టీచరమ్మ వేలు పలక మీద పాకడం మొదలుపెట్టింది. తడబడింది. ఒక గడి దాటిపోయి వెనక్కి వచ్చింది. 'నేను' మీద ఆగింది. అక్క పైకి చదివింది. వేలు కుడి వైపుకి జరిగి జరిగి 'ఇల్లు' మీద ఆగింది.

వాగుడుకాయ గుండె ఎగిరి గంతేసింది. 'నేను, ఇల్లు'! ఇంకేం కావాలి? కుర్చీ చేతిని పిడికిలితో దబదబా బాదింది, అక్క వైపు తిరిగి తలాడించింది. అక్కకు ఆ మాత్రం చాలు.

"ఇంట్లోనే ఉంటానంటోంది! ఈ ఇల్లు వదిలి రానంటోంది మీ అమ్మ! విన్నారుగా?"

కూతురు గోడ మీది పలకలకేసి చూసింది. "సరే" అంది ఆఖరికి. "ఎప్పుడూ ఈ గదే గెలుస్తుంది. చిన్నప్పుడు ఆ గుమ్మంలో కూర్చుని ఎదురుచూసేదాన్ని, మా అమ్మ ఎప్పుడు ఇవతలికి వస్తుందా అని. ఈ పలకలతో మాట్లాడినంత నాతో మాట్లాడలేదు. అందుకే పంతం పట్టి ఒక్క బొమ్మ కూడా నేర్చుకోలేదు. గట్టిగా, స్పష్టంగా మాట్లాడితే నాకేసి చూస్తుందేమోనని మాట్లాడడమే నేర్చుకున్నాను. సరే. ఉండనివ్వండి ఇక్కడే."

ఇంతలో పలక మీద ఫట్‌మని చప్పుడైంది. "అదే!" అంది టీచరమ్మ. కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. ఎడమ అరచెయ్యి పైకెత్తి వాగుడుకాయ ముఖానికి ఎదురుగా పెట్టింది.

వాగుడుకాయకు ఒళ్ళంతా చల్లబడింది. ఆ చెయ్యి తనవైపు ఎత్తడం ఎప్పుడూ లేదు. అమ్మానాన్నల మీద ఎత్తింది, అక్క మీద ఎత్తింది, ఊరి మీద ఎత్తింది. తన మాట మధ్యలో ఎవరైనా దూరితే లోపల్లోపల కుతకుతలాడిపోయే మనిషి తాను. అలాంటిది టీచరమ్మ రెండు బొమ్మలు ముట్టుకునేసరికి మిగతాది తానే చెప్పేసింది. తనకు కావలసిన మాటను ఆవిడ నోట్లో పెట్టేసింది. సిగ్గుతో తల వాలిపోయింది.

టీచరమ్మ చెయ్యి దింపి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. 'నేను', 'ఇల్లు'. వేలికి ఆయాసం వచ్చినట్టు ఆగింది. ఈసారి ఎవరూ నోరు మెదపలేదు. 'పిల్లలు'. 'ఇవ్వు'. అక్క చిన్నగా చదువుతోంది. 'నేను', 'కూతురు', 'వెళ్ళు'. కూతురు అక్కడే గచ్చు మీద కూలబడి తల్లి మోకాలి మీద తల పెట్టుకుంది. ఆవిడ వేలు ఇంకా ఆగలేదు. పైకి పాకి 'టీచర్' మీద ఆగింది. ఆ బొమ్మను వాగుడుకాయ లక్షసార్లు ముట్టుకుని ఉంటుంది. ఆ గదిలో దాని అర్థం ఒక్కరే. టీచరమ్మ ఆ బొమ్మ మీది నుంచి చెయ్యి ఎత్తి, తిన్నగా వాగుడుకాయ గుండె మీద పెట్టింది. ఆ తర్వాతే మూలన ఉన్న తలుపు ముట్టుకుంది.

గదిలో అందరికీ అర్థమైంది. టీచరమ్మ వెళ్ళిపోతుంది. ఇల్లు బడికే ఉంటుంది. ఇక ఆ బడికి టీచరు వాగుడుకాయ.

వాగుడుకాయ ఏడ్చింది. ఆవిడను ఆపడానికి వచ్చి తానే సాగనంపినట్టయింది. ఆ ఏడుపు కిందనే ఏదో సంతోషం కూడా లేచి తన్నుకొస్తోంది, దాన్నేం చేసుకోవాలో తెలియలేదు.

"అమ్మ తెలివంతా అలాగే ఉంది" అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ. "తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. పిల్లలకు నీకన్నా బాగా ఎవరు చెప్తారు?"

"అదెలా కుదురుతుందండీ?" అంది అక్క.

అందరూ అటు చూశారు. అక్క ముఖం పాలిపోయి ఉంది.

"ఇది బొమ్మలు ముట్టుకుంటే పిల్లలకి ఎవరు చదివి వినిపిస్తారు? నేనేగా? మరి నా మిషను? నా కుట్టు? పొద్దస్తమానం నేనిక్కడ కూర్చుంటే ఇల్లెలా గడుస్తుంది? నేను లేకుండా దీనికి తెల్లారుతుందా అసలు? నోరున్నదాన్ని నేను, బడి దీనికా! బాగుంది వరస."

వాగుడుకాయ పలక కోసం చెయ్యి చాపింది. కూతురే తీసి కుర్చీకి అడ్డంగా పెట్టింది. పిడికిలి 'అక్క' బొమ్మ మీద పడింది.

"నేను చదవను" అంది అక్క. "నువ్వేం చెప్తావో నాకు తెలుసు. ఆ మాట నా నోటితో చెప్పించకు."

పెదవులు బిగించి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. చూడనట్టు ఊరుకోవడమే గాని, ఇన్నేళ్ళలో అక్క ఇలా ముఖం మీదే 'చదవను' అనలేదు. వాగుడుకాయకు ఇప్పుడు నిజంగానే నోరు లేకుండా పోయింది. గదిలో ఎవరి వైపు చూడాలో తెలియలేదు. తర్వాత మెల్లగా, తలను కూతురి వైపు తిప్పింది.

"నేనా? నాకు మీ బొమ్మలు రావే" అంది కూతురు. వంగి చూసింది. "ఓ, కింద రాసే ఉందిగా! చదవడమే కదా నా ఉద్యోగం. చెప్పు, నేను చదువుతాను."

వాగుడుకాయ మళ్ళీ మొదలుపెట్టింది. "అక్క" అని చదివింది కూతురు. వార్తల గొంతు, అక్షరం అక్షరం విడివిడిగా, గంట కొట్టినట్టు. "నోరు" అని చదివింది. పిడికిలి మధ్య వరుసలోకి వెళ్ళింది.

"వద్దు."

'అక్క నోరు వద్దు.' ఆ మాట ఆ గొంతులో గది నాలుగు గోడలకూ తగిలి వచ్చింది. అక్క కిటికీ దగ్గర నుంచి తిరిగింది. ఎవరో చెంప మీద కొట్టినట్టుంది ముఖం.

"వద్దా?" అంది. "సరేనే. మంచిది. అన్నం కలిపి పెట్టిన చేతులు వద్దు, రాత్రుళ్ళు పక్కకు తిప్పి పడుకోబెట్టినదాన్ని వద్దు. రేడియో వచ్చిందిగా నీకు!" కూతురి వైపు చూసింది. "మీరే చూసుకోండి దాన్ని. చదవడం వచ్చుగా మీకు."

చేతిసంచీ తీసుకుని విసురుగా వెళ్ళిపోయింది. హాల్లో చెప్పులు టకటకమన్నాయి, వీధి తలుపు గోడకు కొట్టుకుంది.

పిడికిలి ఇంకా ఆగలేదు. వాగుడుకాయ తలుపు వైపు చూస్తూనే, కళ్ళ నీళ్ళలోంచి గడులు వెతుక్కుంటూ, తిరిగి ఎడమ వరుసకు వెళ్ళింది.

"అక్క" అని చదివింది కూతురు. పిడికిలి మధ్యకు వచ్చింది. "కావాలి." ఆ అమ్మాయి గొంతు వార్తలు మరిచిపోయి జీరబోయింది. "అక్క నోరు వద్దు, అక్క కావాలి. ఇదా నువ్వు చెప్పాలనుకున్నది? అయ్యో దేవుడా, ఆవిడ వినకుండానే వెళ్ళిపోయింది! పద, పద."

కుర్చీని గబగబా తోసింది. హాలు దాటించింది, గుమ్మం దాటించింది. మెట్ల దగ్గర చక్రాలు ఆగిపోయాయి. ఇద్దరుంటే గాని దిగని మెట్లు అవి. వీధిలో అక్క తలవంచుకుని చరచరా నడిచిపోతోంది. ఇంకాస్తలో మలుపు తిరిగిపోతుంది.

వాగుడుకాయకు మాట లేదు గాని గొంతు ఉంది. కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారని దాన్ని ఎప్పుడూ బయటపెట్టదు. ఇప్పుడు ఛాతీ నిండా గాలి తీసుకుని, మెడ నరాలు తేలేలా, ఉన్న బలమంతా పెట్టి అరిచింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. సైకిల్ మీద పోతున్నవాడు కాలు కింద పెట్టాడు.

మలుపు దగ్గర అక్క ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు. తిరిగిందో లేదో వచ్చే వారం చూద్దాం.